ఊరి పక్కన గని వస్తోందంటే: ప్రకటన పడిన రోజు నుంచి చేయాల్సిన పనులు

పేపర్లో టెండర్ల పేజీ మూలన చిన్న ప్రకటన పడుతుంది. ఫలానా మండలం, ఫలానా రెవెన్యూ గ్రామం, సర్వే నంబర్లు, ఇన్ని హెక్టార్లు, ఏడాదికి ఇన్ని టన్నులు, ఫలానా తేదీన పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ. కింద కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) పేరు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం ఈ ప్రకటన సభకు కనీసం 30 రోజుల ముందు, ఒక జాతీయ దినపత్రికలోనూ ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ రావాలి. ప్రకటన ఉన్న పేపర్ పేజీ మొత్తాన్ని, పైన తేదీ కనపడేలా, దాచిపెట్టండి. 30 రోజులకు ఒక్క రోజు తగ్గినా అదే మీ మొదటి అభ్యంతరం.

ముందే తెలుసుకోవాల్సిన సంగతొకటి ఉంది. ఈ సభ ఓటింగ్ కాదు. వెయ్యి మంది వద్దన్నా, పది మంది కావాలన్నా చేతులెత్తించి లెక్కపెట్టరు. కోరం కూడా లేదు. సభ రికార్డు నిపుణుల కమిటీ ముందుకు వెళ్తుంది, వాళ్లు దాన్ని చూసి సిఫారసు చేస్తారు. పెద్ద గనులు ‘ఎ’ కేటగిరీ కింద ఢిల్లీ కమిటీకి, ‘బి1’వి రాష్ట్ర కమిటీకి పోతాయి. ఆ కమిటీ సభ్యులు మీ ఊరి చెరువును చూసి ఉండరు, సభలో మీ గొంతూ విని ఉండరు. వాళ్ల బల్ల మీదికి చేరేది కాగితం ఒక్కటే. అందుకే ఈ 30 రోజుల పనంతా ఆ కాగితంలో ఏం ఎక్కాలన్న దాని చుట్టూనే తిరగాలి.

కాగితాలు చేతికి తెచ్చుకోవడం

ముసాయిదా ఈఐఏ నివేదిక, దాని తెలుగు సారాంశం కలెక్టరేట్లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, స్థానిక పంచాయతీ లేదా మున్సిపాలిటీలో, కేంద్ర పర్యావరణ శాఖ ప్రాంతీయ కార్యాలయంలో జనానికి అందుబాటులో ఉంచాలి. పీసీబీ వెబ్‌సైట్లో సారాంశం పెడతారు. సారాంశంతో సరిపెట్టుకోవద్దు. అది నాలుగు మంచి మాటల పొట్లం. పనికొచ్చే లెక్కలన్నీ ఇంగ్లిష్‌లో ఉన్న పూర్తి నివేదికలోనే ఉంటాయి. ఊళ్లో బీటెక్, డిగ్రీ చదివిన నలుగురు పిల్లల్ని పిలిచి అధ్యాయాలు పంచండి.

సాధారణంగా ఇక్కడే బండి ఆగుతుంది. నివేదిక పంచాయతీ ఆఫీసు బీరువాలో ఉంటుంది, తాళం కార్యదర్శి దగ్గర, కార్యదర్శి మీటింగులో. రెండోసారి వెళ్లినా దొరక్కపోతే గొడవపడకండి. ‘ఫలానా తేదీ, ఫలానా సమయానికి వెళ్లాం, నివేదిక చూపించలేదు’ అని కలెక్టరుకు, పీసీబీ ప్రాంతీయ కార్యాలయానికి అర్జీ రాసి, రెండో కాపీ మీద ముట్టినట్టు ముద్ర వేయించుకోండి. రేపు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్తే ఆ ముద్ర ఉన్న కాగితానికి ఉండే విలువ పది మంది సాక్ష్యానికి ఉండదు.

ప్రకటనే రాకుండా క్వారీ మొదలైపోయిందా? అయితే విస్తీర్ణం చూడండి. కంకర, గ్రానైట్, గ్రావెల్ లాంటి చిన్నతరహా ఖనిజాల్లో 5 హెక్టార్లు దాటని లీజుకు మామూలుగా ఈ సభ లేకుండానే అనుమతి వచ్చేస్తుంది. అందుకే ఒకే గుట్ట మీద 4.9, 4.8, 4.5 హెక్టార్ల లీజులు వేర్వేరు పేర్ల మీద పుట్టుకొస్తాయి. కానీ ఒక లీజు అంచు నుంచి ఇంకో లీజు అంచుకు 500 మీటర్ల లోపు దూరం ఉంటే వాటిని క్లస్టర్‌గా కలిపి లెక్కించాలి. మొత్తం 5 హెక్టార్లు దాటితే ఈఐఏ, ప్రజాభిప్రాయ సేకరణ రెండూ తప్పవు. గుట్ట మీద ఉన్న లీజులన్నిటి హద్దులూ ఒకే పటం మీద గీసి చూపిస్తే ఈ ఎత్తు బయటపడిపోతుంది.

నివేదిక చదవడం: ఎక్కడ గీరితే రంగు బయటపడుతుంది

మొదట హద్దులు. నివేదికలో లీజు మూల స్తంభాల అక్షాంశ రేఖాంశాలు డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటాయి. వాటిని ఫోన్ మ్యాపులో ఒక్కొక్కటిగా కొట్టి గుర్తు పెట్టుకోండి. తర్వాత అక్కడి నుంచి దగ్గరి ఇల్లు, బడి, గుడి, చెరువు కట్ట, వాగు ఎంత దూరమో కొలవండి. నివేదిక పట్టికలో ‘సమీప నివాసం 1.2 కిలోమీటర్లు’ అని ఉండి, ఎస్సీ కాలనీ 400 మీటర్లలో కనపడితే స్క్రీన్‌షాట్ తీసి అచ్చు వేయించండి. ఇలాంటి తేడాకు తరచూ కారణం ఒకటే: దూరాన్ని రెవెన్యూ గ్రామం నడిబొడ్డు నుంచి కొలుస్తారు, శివారు ఆవాసాలను వదిలేస్తారు.

తర్వాత లారీల లెక్క. కంపెనీ దీన్ని రోడ్ల అధ్యాయంలో ఎక్కడో దాస్తుంది, మనం వేలి మీద వేసుకోవచ్చు. ఏడాదికి 3 లక్షల టన్నులు, 300 పనిదినాలు అనుకుందాం. రోజుకు 1,000 టన్నులు. పది చక్రాల టిప్పరుకు సుమారు 18 టన్నులు పడితే రోజుకు 56 ట్రిప్పులు. పోనూ రానూ 112 సార్లు. పది గంటలు తోలితే మీ వీధిలో ప్రతి ఐదున్నర నిమిషాల లోపు ఒక టిప్పరు. అది ఉత్పత్తి లెక్క మాత్రమే. తీసిపారేసే పైమట్టి, వృథా రాయి బయటికి పోతే దానికి వేరే. ఇదే రోడ్డు మీద బడి బస్సు ఎన్నింటికి వస్తుందో పక్కన రాయండి. పంచాయతీ రోడ్డు వెడల్పు టేపుతో కొలిచి అదీ రాయండి.

నీళ్ల సంగతికి కొంచెం ఒళ్లు వంచాలి. గని చివరికి ఎంత లోతు పోతుంది, భూగర్భ జలం ఎంత లోతులో ఉంది అన్న రెండు అంకెలూ నివేదికలో వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూడండి. గుంత అడుగు నీటి మట్టం కంటే కిందికి పోతుంటే రోజూ నీళ్లు తోడాలి. ఆ తోడకం చుట్టుపక్కల బావులను లాగుతుంది. మీ వైపు నుంచి ఒక పట్టిక తయారు చేయండి: కనీసం 20 బావులు, బోర్లు, రైతు సర్వే నంబరు, లోతు, ఈ రోజు నీటి మట్టం. బావిలో తాడుకు చిన్న రాయి కట్టి వదిలి, తడిసిన గుర్తు దాకా టేపుతో కొలిస్తే చాలు. మోటారు ఆపి కొన్ని గంటలయ్యాకే కొలవాలి, లేకపోతే మట్టం తప్పు చూపిస్తుంది. ఈ పట్టిక సభకు ఎంత పనికొస్తుందో, ఐదేళ్ల తర్వాత బోర్లు ఎండినప్పుడు నష్టపరిహారం అడగడానికి అంతకంటే ఎక్కువ పనికొస్తుంది. ముందు లెక్క లేనివాడికి ‘నీ బోరు ఎప్పుడూ ఇంతే’ అన్న జవాబే దొరుకుతుంది.

గాలిలో తేలే సన్నని దుమ్ముకు జాతీయ ప్రమాణం: పీఎం10 (10 మైక్రాన్ల లోపు కణాలు) అయితే 24 గంటల సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, పీఎం2.5 అయితే 60. ఇప్పటి గాలి ఎలా ఉందో తెలియడానికి వర్షాకాలం కాని ఒక సీజన్‌లో మూడు నెలలు కొలుస్తారు, గని చుట్టూ 10 కిలోమీటర్ల పరిధి చూస్తారు. మీరు చూడాల్సింది కొలత పరికరం ఎక్కడ పెట్టారని. గాలి ఏ దిక్కుకు వీస్తుందో ఆ దిక్కున మీ ఊరుండి, పరికరం అవతలి వైపు పెడితే ఆ అంకెలకు అర్థం లేదు. కొలిచిన నెలలు, సంవత్సరం కూడా చూసుకోండి. మూడేళ్లు దాటిన సమాచారం చెల్లదు.

చివరిది, సులువైనది: నకలు. సలహా సంస్థలు ఒక జిల్లా నివేదికను ఇంకో జిల్లాకు పేరు మార్చి అతికిస్తుంటాయి. మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో ఒక బాక్సైట్ గని నివేదికలోకి రష్యా గని గురించి రాసిన భాగాలు అలాగే వచ్చేసిన ఉదంతం ఉంది. మీ మండలంలో లేని నది పేరు, మీ దగ్గర పండని పంట, లేని అడవి జంతువు కోసం పీడీఎఫ్‌లో వెతకండి. దానికి ఎదురుగా, మీ దగ్గర ఉండీ నివేదికలో లేనివి రాయండి: మేకల మేత బీడు, తునికాకు కోసే కొండ, వేసవిలో పశువులు నీళ్లు తాగే కుంట, జాతర జరిగే బండ.

అభ్యంతరం రాసే పద్ధతి

‘గని వల్ల మా బతుకులు నాశనమవుతాయి, అనుమతి ఇవ్వొద్దు’ అని రాస్తే ‘కాలుష్య నివారణ చర్యలు తీసుకుంటాం’ అన్న ఒక్క వాక్యంతో కంపెనీ దాటేస్తుంది. అదే ఇలా రాసి చూడండి:

‘పట్టిక 3.4లో సమీప జలవనరు 2 కిలోమీటర్లని ఉంది. మా ఊర చెరువు అలుగు లీజు ఈశాన్య మూల నుంచి 350 మీటర్లు (మ్యాపు జతచేశాం). ఈ చెరువు కింద మా ఆయకట్టు ఉంది (అడంగల్ నకలు జతచేశాం). వానాకాలంలో డంపు మట్టి చెరువులోకి రాకుండా ఏ కట్టడం కడతారు, ఎక్కడ, ఎంత ఖర్చుతో? ఈ వివరాలతో నివేదికను సవరించేదాకా అనుమతి సిఫారసు చేయవద్దు.’

ఒక పాయింటుకు ఒక నంబరు, నివేదిక పేజీ లేదా పట్టిక సంఖ్య, క్షేత్రంలో ఉన్నది, రుజువు, అడుగుతున్నది. ఇంత పద్ధతిగా ఉన్నదాన్ని దాటేయడం కష్టం. ఎందుకంటే సభ తర్వాత తుది నివేదికలో పర్యావరణ అభ్యంతరాలన్నిటికీ కంపెనీ జవాబు చెప్పి, నివేదికను, నివారణ ప్రణాళికను సవరించుకోవాలి. వంద మందితో ఒకే జిరాక్స్ మీద సంతకాలు చేయించడం కన్నా, పదిహేను మంది పదిహేను వేర్వేరు సంగతులు రాయడం మేలు. ఒకే మూసలో వచ్చినవాటిని ఒకే అభ్యంతరంగా కట్ట కట్టేస్తారు. సభకు రాలేనివాళ్లు, వలస పోయినవాళ్లు కూడా పీసీబీకి రాసి పంపవచ్చు.

గని కావాలనుకునేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ‘ఉద్యోగాలిస్తాం’ అన్న మాటను సంఖ్యగా మార్చమని అడగండి: ఎన్ని శాశ్వతం, ఎన్ని కాంట్రాక్టు, ఏ అర్హత, ఏ ఏడాదికి. రికార్డుకెక్కని హామీ టెంటు విప్పేటప్పుడే విప్పుకుపోతుంది.

సభ రోజు

సభ గని ప్రాంతంలో గానీ దానికి బాగా దగ్గర్లో గానీ జరగాలి. 40 కిలోమీటర్ల అవతల జిల్లా కేంద్రంలో పెడితే ముందే అభ్యంతరం రాయండి. అధ్యక్షత కలెక్టరుది. ఆయన రాకపోతే అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి ఉండాలి. ఆర్డీవో వచ్చి కూర్చుంటే లేచి, ఆ విషయాన్ని మినిట్స్‌లో రాయమని అడగండి. సభను అడ్డుకోమని అర్థం కాదు. అడ్డుకుంటే మీ మాట రికార్డుకెక్కకుండా పోతుంది, ‘శాంతిభద్రతల దృష్ట్యా’ అన్న వాక్యం ఎక్కుతుంది. కుర్చీలు విసిరిన ప్రతిచోటా లాభపడింది కంపెనీలే.

పొద్దున్నే వెళ్లండి. బస్సుల్లో దిగేవాళ్లు ముందు వరుసలు నింపి, మొదటి గంట మైకు పట్టుకోవడం, మధ్యాహ్నానికి బిర్యానీ పొట్లాలతో వెళ్లిపోవడం అందరూ ఎరిగిన తంతు. పేర్ల నమోదు బల్ల దగ్గర మీ ఆడవాళ్లు ముందుండేలా చూసుకోండి. మాట్లాడేవాళ్లు పేరు, ఊరు, గనికి తమ ఇల్లు లేదా పొలం ఎంత దూరమో చెప్పి మొదలుపెట్టాలి. మూడు నిమిషాలు చాలు. మాట్లాడాక రాతప్రతి ఇచ్చి రసీదు తీసుకోవాలి. వీడియో అధికారులే తీయించాలి. అయినా మీరూ తీయండి, ఫోన్‌కు పవర్ బ్యాంకు తీసుకెళ్లండి.

అసలు ఘట్టం చివర్లో. సభ ముగింపులో ఆ రోజు జరిగినదాని సారాంశాన్ని స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించి, ఒప్పుకున్నాకే అధ్యక్షత వహించిన అధికారి సంతకం చేయాలి. ఆ టైముకు ఊరివాళ్లు ఇళ్లకు పోతారు, విలేకరులు పోతారు, మైకు వైర్లు చుట్టేస్తుంటారు. కనీసం పది మంది చివరిదాకా ఉండాలని ముందే అనుకోండి, వాళ్ల చేతిలో అభ్యంతరాల జాబితా ఉండాలి. చదివినప్పుడు ఏ నంబరు వదిలేశారో అక్కడే చెప్పి చేర్పించండి. మినిట్స్‌ను ఆ తర్వాత పంచాయతీ ఆఫీసు, జిల్లా పరిషత్, కలెక్టరేట్, పీసీబీల్లో ప్రదర్శించాలి. కనపడకపోతే ఆర్టీఐ పెట్టండి. పీసీబీ 8 రోజుల్లో రికార్డు పైకి పంపుతుంది.

సభ అయిపోయాక

చాలా ఊళ్లు ఇక్కడితో వదిలేస్తాయి. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ వెబ్‌సైట్లో ప్రాజెక్టు పేరుతో వారానికోసారి వెతకండి. తుది నివేదిక, నిపుణుల కమిటీ ఎజెండా, మీటింగు మినిట్స్ అక్కడే పడతాయి. ఎజెండాలో మీ గని కనపడగానే, తుది నివేదికలో జవాబు దొరకని మీ పాయింట్ల జాబితాను రెండు పేజీలు మించకుండా కమిటీ సభ్య కార్యదర్శికి మెయిల్ చేయండి.

అనుమతి వచ్చేస్తే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు 30 రోజులు. తగిన కారణం చూపితే ఇంకో 60. ఆ 90 దాటితే ఎంత న్యాయం మీ వైపున్నా తలుపు మూసుకున్నట్టే. మన రెండు రాష్ట్రాల కేసులు చెన్నైలోని దక్షిణ బెంచికి వెళ్తాయి. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడిగితే వకీలు ఉచితం.

ఏజెన్సీలో గ్రామసభ

షెడ్యూల్డ్ ప్రాంతంలో ఆట నియమాలు వేరు. 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ చట్టం) ప్రకారం చిన్నతరహా ఖనిజాల లీజుకు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి. మన 1970 నాటి ఒకటవ నిబంధన, అందరూ 1/70 అనేది, గిరిజనేతరులకు భూబదలాయింపును నిషేధిస్తుంది. 1997 జులై 11న సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో మెట్టు పైకి వెళ్లి, ఏజెన్సీలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీకి గని లీజుకు ఇవ్వకూడదంది. ప్రభుత్వ సంస్థకు మాత్రం దారి మిగిలింది. 2015లో విశాఖ బాక్సైట్ తవ్వకానికి అటవీ భూమిని ఏపీఎండీసీకి (రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ) కేటాయిస్తూ జీవో 97 వచ్చింది ఆ దారినే. పెద్ద వ్యతిరేకత తర్వాత 2019లో అది రద్దయింది. ఇంకో దొంగదారి బినామీ: లీజు గిరిజనుడి పేరు మీద, యంత్రాలు, డబ్బు, జీపీఏ (అన్ని పనులూ నడిపే అధికార పత్రం) బయటివాడివి. లీజు ఫైలులో జీపీఏ, భాగస్వామ్య ఒప్పందం ఉన్నాయేమో ఆర్టీఐలో అడగండి.

ఒడిశాలోని నియమ్‌గిరి గుర్తుండే ఉంటుంది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలితే, ఆ ఏడాది జులై, ఆగస్టుల్లో 12 గ్రామసభలూ బాక్సైట్ గనిని కాదన్నాయి. అక్కడ నిలబడింది తీర్మానమే. ఆ తీర్మానం పక్కాగా ఉండాలంటే:

పెసా కింద గ్రామసభ అంటే ఆవాసం స్థాయిలో జరిగేది. పంచాయతీ కేంద్రంలో పన్నెండు గూడేలకు కలిపి ఒకటి పెడితే అభ్యంతరం చెప్పండి. అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ అయితే సభ్యుల్లో కనీసం సగం మంది హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. తీర్మానం పుస్తకంలో పేజీ నంబర్లు వేయించండి. సంతకాలకు ముందు తీర్మానాన్ని కోయ, కువి, ఏ భాషైతే ఆ భాషలో చదివించండి. చివరి వాక్యానికీ మొదటి సంతకానికీ మధ్య ఖాళీ ఉంటే అడ్డగీత కొట్టించండి. ఉపాధి హామీ పనుల మీటింగు హాజరు పట్టీని గనికి ‘అభ్యంతరం లేదు’ తీర్మానం కింద అతికించడానికి కావాల్సింది ఆ ఖాళీ, నంబరు లేని పేజీ. అక్కడికక్కడే ఫోన్లో ఫొటో తీసి, అదే వారం ఆర్టీఐ కింద ధ్రువీకరించిన నకలు తీసుకోండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామస్థాయి ఆఫీసుకు దరఖాస్తు రుసుము లేదు.

గని నడుస్తున్నప్పుడు

రెండు పుస్తకాలు చాలు. ఒకటి, టిప్పర్ల పుస్తకం: రోడ్డు పక్క కిరాణా కొట్టులో కూర్చుని నెలలో ఏవైనా ఏడు రోజులు, రాత్రిళ్లు కూడా కలిపి, లోడు బండ్ల సంఖ్య రాయండి. బండిని ఆపొద్దు, డ్రైవర్‌తో వాదనకు దిగొద్దు. తర్వాత గనుల శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టరు) ఆఫీసుకు 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో ఆర్టీఐ: ‘ఫలానా లీజుకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు రోజువారీ ఇచ్చిన ట్రాన్సిట్ ఫారాల (రవాణా పర్మిట్ల) సంఖ్య, టన్నులు, వసూలైన రాయల్టీ లేదా సీనరేజి (చిన్నతరహా ఖనిజాల రుసుము), డీఎంఎఫ్‌కు (జిల్లా ఖనిజ ఫౌండేషన్) జమ’. ‘అక్రమ తవ్వకం ఎందుకు ఆపలేదు?’ లాంటి ప్రశ్న అడిగితే అది సమాచారం కాదని తిప్పికొడతారు. ఉన్న కాగితాన్నే అడగాలి. 30 రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు, దానికీ 30 రోజుల గడువు.

అనుమతి షరతులు పాటిస్తున్నామని కంపెనీ ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి నివేదిక ఇవ్వాలి. ‘10,000 మొక్కలు నాటాం’ అని ఉంటే వెళ్లి లెక్కపెట్టండి, బతికినవాటి ఫొటోలు తీయండి.

రెండోది డబ్బుల పుస్తకం. 2015 జనవరి 12కి ముందిచ్చిన పెద్దతరహా ఖనిజాల లీజులపై రాయల్టీలో 30 శాతం, ఆ తర్వాత వేలంలో ఇచ్చినవాటిపై 10 శాతం జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు అదనంగా కట్టాలి. కోటి రాయల్టీ కట్టే పాత గని నుంచి 30 లక్షలన్నమాట. 2024 మార్గదర్శకాల ప్రకారం గనికి 15 కిలోమీటర్ల లోపు ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతం. కనీసం 70 శాతం నిధులు అక్కడే పెట్టాలి. తాగునీరు, వైద్యం, చదువు, కాలుష్య నివారణ లాంటి ముఖ్య పనులకు కూడా కనీసం 70 శాతం. డబ్బు జిల్లా కేంద్రం సెంట్రల్ లైటింగుకు, ఆఫీసు భవనాలకు జారిపోవడానికి కారణం, వార్షిక ప్రణాళిక తయారయ్యే వేళకు ప్రభావిత ఊళ్ల నుంచి పని పేరుతో ఒక్క తీర్మానమూ లేకపోవడం. ‘మా ఊరికి అభివృద్ధి కావాలి’ అని కాకుండా ‘ఫలానా వీధి నుంచి ఫలానా ట్యాంకు దాకా ఇన్ని మీటర్ల పైపులైను’ అని ఇంజినీరుతో అంచనా వేయించి, గ్రామసభలో తీర్మానం చేసి, ఆర్థిక సంవత్సరం మొదలవకముందే కలెక్టరుకు ఇవ్వండి. ఆయనే ఫౌండేషన్‌కు అధ్యక్షుడు. ఏజెన్సీలో అయితే ఈ నిధుల పనులకు గ్రామసభ ఆమోదం కావాలి, ఏడాది చివర చేసిన పనుల నివేదిక కూడా గ్రామసభకు రావాలి. ఏప్రిల్ రాగానే దాన్ని అడిగి తెప్పించుకుని, పైపులైను ఎంత పొడవు వేశారో టేపు పట్టుకుని కొలవండి.